గుండె ఆపరేషన్ తరవాత పళ్ళు జివ్వుమంటే: పేస్టా, మాత్రా, పళ్ళ డాక్టరా?

గుండె ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మనిషికి ఛాతీ కుట్ల గురించి, కాల్లో నరం తీసిన చోటు గురించి, పూటపూటకీ వేసుకోవాల్సిన మాత్రల గురించి అందరూ జాగ్రత్తలు చెప్తారు. చల్ల తాగుతుంటే పళ్ళు జివ్వుమంటున్నాయి అంటే మాత్రం 'అదేముందిలే, ఓ మాత్ర వేసుకో' అనేస్తారు. ఆ 'ఓ మాత్ర' దగ్గరే ప్రమాదం ఉంది, అందుకే ఇది రాస్తున్నాను. మా పెదనాన్నకి విశాఖలో వాల్వు మార్చాక ఇంటి దగ్గర చూసుకున్నది మేమే. ఆ నెలల్లో ఈ పళ్ళ గొడవ మీద డాక్టర్లని అడిగీ, చదివీ తెలుసుకున్నవే ఇవన్నీ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒట్టి జివ్వుమనడమే అయితే పేస్టు మార్చి, మెత్తటి బ్రష్ పట్టుకుని, నెల రోజులు ఓపిక పట్టడం అన్నిటికన్నా మంచి దారి. అంతకు మించి ఏం చెయ్యాలనుకున్నా, అది మాత్ర గానీ, క్లీనింగ్ గానీ, పన్ను తీయించడం గానీ, ఏ ఆపరేషన్ అయింది, రక్తం పలచబడడానికి ఏ మందు వాడుతున్నారు అన్న రెండు ప్రశ్నలకి జవాబు చూసుకునే తేల్చుకోవాలి. బైపాస్ (గుండెకి కొత్త రక్తనాళాలు వేసే ఆపరేషన్) అయినవాళ్ళకి చెల్లే సలహా వాల్వు మార్చుకున్నవాళ్ళకి చెల్లదు. పక్క వీధిలో ఆయనకీ గుండె ఆపరేషనే కదా, ఆయన వాడిందే మనమూ వాడేద్దాం అంటే కుదరదు.

ముందు అది సెన్సిటివిటీయేనా చూసుకోండి

చల్లటిదో, తియ్యటిదో, పులుపో తగిలినప్పుడు చటుక్కున వచ్చి, అది మింగేసిన కొన్ని క్షణాల్లోనే పోతే అది సెన్సిటివిటీ. ఈ రాసిందంతా ఎక్కువగా దాని గురించే. అలా కాకుండా వేడి కాఫీకి కూడా వచ్చి, తాగడం ఆపేసినా నిమిషం పాటు లాగుతూనే ఉంటే, రాత్రి పడుకున్నాక పోటు పెట్టి నిద్ర లేపేస్తుంటే, పన్ను లోపలి నరం దాకా వెళ్ళిందని అనుమానించాలి. దానికి ఏ పేస్టూ పనిచెయ్యదు. కొరికి వదిలేటప్పుడు కలుక్కుమంటే పన్ను చిట్లి ఉండొచ్చు. ఆపరేషన్ అప్పుడు గొంతులోకి గొట్టం వేసేటప్పుడు ముందు పళ్ళకి దెబ్బ తగలడం, అప్పటికే వదులుగా ఉన్న పన్ను ఇంకా కదిలిపోవడం అప్పుడప్పుడు జరుగుతుంది. బుగ్గ వాచినా, చీము కనపడినా, జ్వరం తగిలినా పేస్టులూ లవంగాలూ పక్కన పెట్టి అదే రోజు డాక్టరుకి చూపించాలి.

ఇంకొకటుంది, ఇది అన్నిటికన్నా ముఖ్యం. మెట్లెక్కుతుంటేనో, కాస్త గబగబా నడిస్తేనో కింది దవడ లాగి, కూర్చుంటే తగ్గిపోతోందంటే అది పంటి నొప్పి అనుకోకండి. గుండె నొప్పి దవడలోకి కూడా వస్తుంది, ముఖ్యంగా సుగర్ ఉన్నవాళ్ళలోనూ ఆడవాళ్ళలోనూ ఛాతీలో పెద్దగా ఏమీ తెలియకుండా దవడా, వీపూ, భుజాల్లోనే తెలియొచ్చు. పంటి జివ్వుకి నడకతో సంబంధం ఉండదు, ఏ పన్నో వేలు పెట్టి చూపించగలం. దవడ నొప్పితో పాటు చెమటలు, ఆయాసం ఉంటే 108కి ఫోన్ చెయ్యడమే, ఆలోచించడానికి ఏమీ లేదు.

ఆపరేషన్ తరవాతే ఎందుకొస్తుంది

పెద్ద రహస్యం లేదు, నోరు ఎండిపోతుంది. ఆసుపత్రిలో ఆక్సిజన్, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, ఇంటికొచ్చాక ఒంట్లో నీరు తీసేసే లాసిక్స్ లాంటి మాత్రలు. లాలాజలం పళ్ళకి కాపలా, అది తగ్గితే పులుపు పని ఎక్కువవుతుంది. ఐసీయూలో సరిగ్గా పళ్ళు తోమకపోవడం, వాంతులు, ఒళ్ళు నొప్పులకి నిద్రలో పళ్ళు బిగబట్టడం, నోరు చేదుగా ఉందని రోజంతా నిమ్మ చెక్కో చింతపండు రెబ్బో చప్పరించడం, ఇవన్నీ కలుస్తాయి. అంతకు ముందే చిగుళ్ళు జారిపోయి పంటి మొదళ్ళు బయటపడి ఉన్నవాళ్ళకి ఇంకా త్వరగా తెలుస్తుంది, ఎందుకంటే పంటి మొదలు మీద ఎనామెల్ అనే పింగాణీ పొర ఉండదు, కింద ఉన్న భాగంలో సన్నటి గొట్టాలుంటాయి, వాటిలో ద్రవం కదిలితే నరానికి తగులుతుంది. పేస్టులు చేసే పని ఈ రెండిట్లో ఒకటి, ఆ గొట్టాలని మూసెయ్యడం, లేకపోతే నరాన్ని మొద్దుబార్చడం.

నోరు ఎండిందంటే 'నీళ్ళు బాగా తాగండి' అనడం మామూలు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి రోజుకి ఇన్ని నీళ్ళే అని డాక్టరు కొలత పెట్టి ఉంటారు, ఆ కొలత దాటించకండి. గుక్క నీళ్ళు నోట్లో తిప్పి ఉమ్మేస్తే లెక్కలోకి రాదు. చక్కెర లేని చూయింగ్ గమ్ నమలడం కూడా లాలాజలానికి మంచిదే, కట్టుడు పళ్ళు లేకపోతే.

పేస్టుల్లో ఏది

షాపులో 'సెన్సిటివ్ పేస్టు ఇవ్వండి' అంటే చేతికి దొరికింది ఇస్తారు. శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గరైనా, విజయనగరం గంటస్తంభం దగ్గరైనా అన్ని రకాలూ దొరుకుతాయి, కాబట్టి అట్ట వెనక్కి తిప్పి చిన్న అక్షరాల్లో మందు పేరు చూసి తీసుకోండి. సెన్సోడైన్ అనే ఒక్క పేరుతోనే రకరకాలున్నాయి, అన్నిట్లో ఒకటే మందు ఉండదు.

పొటాషియం నైట్రేట్ ఉన్నది పాత రకం, బాగా వాడకంలో ఉన్నది. ఇది నరాన్ని నెమ్మదింపజేస్తుంది, రోజుకి రెండు పూటలా వాడితే రెండు వారాల నుంచి నాలుగు వారాల్లో తేడా తెలుస్తుంది. మానేస్తే మళ్ళీ మొదలవుతుంది. పొటాషియం అన్న మాట చూసి కొందరు కంగారు పడతారు, స్పైరోనోలాక్టోన్ లాంటి మాత్రలు వాడుతూ అరటిపండు, కొబ్బరినీళ్ళు తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్ళు ముఖ్యంగా. పేస్టు ఉమ్మేస్తాం కదా, దాంతో రక్తంలో పొటాషియం పెరగదు, టెన్షన్ అక్కర్లేదు.

ఆర్జినిన్ ఉన్న రకం గొట్టాలని మూసేస్తుంది. దీనిలో ఉన్న సుఖం ఏమిటంటే బఠాణీ గింజంత వేలి మీద తీసుకుని జివ్వుమనే పన్ను మొదట్లో ఒక నిమిషం మెల్లగా రుద్దితే అప్పటికప్పుడే కొంత తగ్గుతుంది. ఛాతీ ఎముక అతుక్కోక చెయ్యెత్తడం కష్టంగా ఉన్న మొదటి వారాల్లో నాకు ఇదే బాగా నచ్చింది, మంచం మీద కూర్చుని, మోచెయ్యి ఒంటికి ఆనించుకుని చేసుకోవచ్చు. కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్, నోవామిన్ అని కూడా రాస్తారు, అదీ మూసే రకమే, కాస్త నిదానం. స్టానస్ ఫ్లోరైడ్ రకం మూయడంతో పాటు చిగుళ్ళ వాపుకీ, పిప్పికీ పనికొస్తుంది, కొందరికి పళ్ళ మీద గోధుమ రంగు మరకలు పడొచ్చు, అవి క్లీనింగ్‌తో పోతాయి.

మరి ఏది కొనాలి? ఒకటి రెండు పళ్ళే బాధపెడుతుంటే ఆర్జినిన్. నోరంతా అలాగే ఉండి చిగుళ్ళు కూడా రక్తం కారుతుంటే స్టానస్ ఫ్లోరైడ్. ఖర్చు చూసుకోవాలంటే పొటాషియం నైట్రేట్, దానిలో ఫ్లోరైడ్ కూడా ఉందో లేదో చూసి. ఒక రకం మొదలుపెట్టాక నెల రోజులు అదే వాడండి, వారానికొకటి మారిస్తే ఏదీ పనిచెయ్యదు. తోమాక నురుగు ఉమ్మేసి ఊరుకోండి, చెంబుడు నీళ్ళతో పుక్కిలిస్తే మందంతా పోతుంది. తెల్లబరిచే పేస్టులు, బొగ్గు పేస్టులు మాత్రం ఇప్పుడొద్దు, గరుకుగా ఉండి ఇంకా అరగదీస్తాయి.

బ్రష్ మెత్తటిదే, ఈ విషయంలో వేరే మాట లేదు. బ్యాటరీ బ్రష్ కొనాలా అని అడుగుతారు. చేతులు వణికే పెద్దవాళ్ళకీ, మనం పక్కన కూర్చుని తోమాల్సినవాళ్ళకీ ఉపయోగమే, మిగతావాళ్ళకి మెత్తటి మామూలు బ్రష్ చాలు. పేస్‌మేకర్ ఉంటే బ్రష్ ఛార్జింగ్ పెట్టే దిమ్మని జానెడు దూరంలో ఉంచండి. పులుపు తిన్న వెంటనే తోమకండి, ఓ అరగంట ఆగండి.

ఇంట్లో చేసేవి

ఉప్పునీళ్ళు: గోరువెచ్చటి గ్లాసు నీళ్ళలో అర చెంచా ఉప్పు, పుక్కిలించి ఉమ్మెయ్యడం. చిగుళ్ళకి హాయిగా ఉంటుంది, జివ్వుకి పెద్దగా ఏమీ చెయ్యదు. ఉప్పు తగ్గించమన్న మనిషి కాబట్టి మింగకూడదు, అంతే.

లవంగ నూనె తిమ్మిరెక్కిస్తుంది, ఆ మాట నిజమే. నేరుగా పోస్తే చిగురు కాలిపోతుంది, కొబ్బరి నూనెలో ఒక చుక్క కలిపి దూదితో పంటికి మాత్రమే అద్దాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు దాన్ని మింగే పద్ధతులు పెట్టుకోకండి. అదీ రాత్రి గడవడానికే గానీ వైద్యం కాదు.

వేపపుల్ల, కచ్చిక, ఉప్పూ బొగ్గూ కలిపిన పొడి, ఎర్ర పళ్ళపొడి, ఇవన్నీ పళ్ళ మీద గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. మామూలు రోజుల్లో ఎలా ఉన్నా, రక్తం పలచబడడానికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకునే మనిషికి వేపపుల్ల గుచ్చుకుంటే చిగురు నుంచి రక్తం త్వరగా ఆగదు. ఇష్టం చంపుకోలేని పెద్దవాళ్ళకి ఈ కొన్ని నెలలైనా ఆపమని నచ్చజెప్పండి.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. పంటి నొప్పికి చుట్ట పొగ మంచిదనీ, ఒడిశా వైపు నుంచి వచ్చే గుడాకు రుద్దితే తిమ్మిరెక్కి హాయిగా ఉంటుందనీ నమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు. తీరం వెంబడి ఊళ్ళలో పెద్దవయసు ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు, చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని. అంగుట్లో క్యాన్సర్ రావడానికి అది కారణమని ఈ ప్రాంతంలోనే పరిశోధనలు జరిగాయి. గుండెకి కొత్తగా వేసిన నరాలని పూడిపోయేలా చేసేది కూడా ఈ పొగాకే. అమ్మ గానీ అత్త గానీ ఆపరేషన్ అయి వచ్చాక పంటి నొప్పి వంకతో మళ్ళీ చుట్ట అడిగితే, కోప్పడకుండా, ఆర్జినిన్ పేస్టు చేతిలో పెట్టి దగ్గరుండి రుద్దించండి.

మాత్రల దగ్గర ఆగండి

పంటి నొప్పి అనగానే మందుల షాపులో చేతిలో పెట్టేవి డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, నీళ్ళలో కరిగించుకునే కీటోరోలాక్. గుండె ఆపరేషన్ అయినవాళ్ళకి ఇవేవీ వద్దు. గుండెపోటు ముప్పు పెంచుతాయి, కడుపులో పుండ్లు చేసి రక్తం కారేలా చేస్తాయి, ఒంట్లో నీరు నిలబెడతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. ఐబుప్రొఫెన్ అయితే ఆస్పిరిన్ పనిచెయ్యకుండా అడ్డుపడుతుంది, అంటే గుండె కోసం వేసుకున్న మాత్ర వృథా అయినట్టే. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బులు ఎక్కువ, ఆ మనుషులకి కిడ్నీ సంగతి నేను చెప్పక్కర్లేదు. అక్కడి మనిషి కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూడకుండా ఏ నొప్పి మాత్రా ముట్టుకోకూడదు. ఎసిక్లోఫినాక్, పారాసెటమాల్ కలిపి ఒకే మాత్రగా కూడా వస్తాయి, 'పారాసెటమాలే కదా' అని మోసపోకండి, అట్ట మీద రెండో పేరు చదవండి.

వేసుకోదగ్గది ఒట్టి పారాసెటమాల్ ఒక్కటే, అదీ కాలేయం బాగున్నవాళ్ళు, డాక్టరు చెప్పిన మోతాదులో. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ గానీ ఎసిట్రోమ్ గానీ వేసుకునేవాళ్ళు పారాసెటమాల్ కూడా వరసగా కొన్ని రోజులు వాడితే, రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే పరీక్ష అంకె ఐఎన్‌ఆర్ పెరగొచ్చు, కాబట్టి రెండు రోజులు దాటితే ఫోన్ చేసి చెప్పాలి.

ఇంకా పెద్ద ప్రమాదం యాంటీబయాటిక్‌తో ఉంది. దవడ వాచిందనగానే అమోక్సిసిలిన్‌తో పాటు మెట్రోనిడజోల్ ఇవ్వడం మామూలు. వార్ఫరిన్, ఎసిట్రోమ్ వాడేవాళ్ళలో మెట్రోనిడజోల్ ఐఎన్‌ఆర్‌ని బాగా పెంచేస్తుంది, మెదడులోనో కడుపులోనో రక్తస్రావం అయ్యే దాకా వెళ్ళొచ్చు. నోట్లో తెల్లటి ఫంగస్ పూతకి రాసే మైకోనజోల్ జెల్ కూడా అంతే, పైపూతే కదా అనుకోవద్దు. ఏ డాక్టరు దగ్గరైనా నోరు తెరవగానే చెప్పాల్సిన మొదటి మాట, నేను ఫలానా రక్తం పలచబడే మందు వాడుతున్నాను అని.

పళ్ళ డాక్టరు దగ్గరికి ఇప్పుడా, తరవాతా

తొందర లేని పనులు, క్లీనింగ్, క్యాపులు, కట్టుడు పళ్ళు లాంటివి, ఆపరేషన్ తరవాత కొన్ని నెలలు వాయిదా వెయ్యడమే మేలు. ఛాతీ ఎముక గట్టిపడడానికే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, పూర్తిగా మూడు నెలలు. ఎప్పుడు వెళ్ళొచ్చో గుండె డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. కానీ చీము, వాపు, ఆగని నొప్పి ఉంటే వాయిదా వెయ్యడమే ప్రమాదం. ఈ రెండింటి మధ్యలో ఉన్నదొకటి, ఫ్లోరైడ్ వార్నిష్. నెల రోజులు పేస్టు వాడినా తగ్గని జివ్వుకి డెంటిస్టు బ్రష్‌తో పూసే పూత అది, ఇంజెక్షన్ ఉండదు, రక్తం రాదు, పది నిమిషాల పని. కుర్చీలో కూర్చోగలిగితే చాలు, దీనికి మాత్రం నెలలు ఆగక్కర్లేదు.

బైపాస్ అయినవాళ్ళకీ, స్టెంట్ (గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేయించుకున్నవాళ్ళకీ పంటి పనికి ముందు ప్రత్యేకంగా యాంటీబయాటిక్ అక్కర్లేదు. వాళ్ళు చూసుకోవాల్సిందల్లా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఆపకపోవడం. 'పన్ను పీకాలి, ఐదు రోజులు రక్తం మందు మానేసి రండి' అని ఎవరైనా అంటే, గుండె డాక్టరుని అడగకుండా ఒక్క పూట కూడా మానకండి. పంటి దగ్గర రక్తం ఎక్కువసేపు కారితే నొక్కిపెట్టి, కుట్టు వేసి ఆపొచ్చు. స్టెంట్ మూసుకుపోతే గుండెపోటే, మనిషే దక్కకపోవచ్చు.

వాల్వు మార్చుకున్నవాళ్ళ సంగతి వేరు. చిగుళ్ళని కదిలించే ఏ పని చేసినా నోట్లో బ్యాక్టీరియా రక్తంలోకి వెళ్ళి కొత్త వాల్వు మీద కూర్చునే అవకాశం ఉంది. అందుకే క్లీనింగ్, పన్ను తీయడం, చిగుళ్ళ పనులకి అరగంట నుంచి గంట ముందు ఒక్కసారి అమోక్సిసిలిన్ 2 గ్రాములు ఇస్తారు. పెన్సిలిన్ పడనివాళ్ళకి అజిత్రోమైసిన్ లాంటివి ఉన్నాయి. క్లిండమైసిన్ వద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2021లో చెప్పింది. వార్నిష్‌కి, ఎక్స్‌రేకి ఇది అక్కర్లేదు. వాల్వు బాగుచేసి రింగు వేసినవాళ్ళకీ, ఇంతకు ముందు వాల్వుకి ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్ళకీ ఇదే నియమం. వార్ఫరిన్, ఎసిట్రోమ్ ఉంటే పనికి ముందు రోజు ఐఎన్‌ఆర్ చేయించి చేత్తో పట్టుకెళ్ళండి. 3.5 లోపు ఉంటే ఒకటి రెండు పళ్ళు తీయడానికి మామూలుగా ఒప్పుకుంటారు. లోహపు వాల్వు ఉన్న మనిషి ఐఎన్‌ఆర్ తగ్గించడానికి మందు మానడం చాలా ప్రమాదం, వాల్వు మీద రక్తం గడ్డ కట్టొచ్చు.

ఎక్కడికి

ఊళ్ళో క్లినిక్, డెంటల్ కాలేజీ, తిరిగి విశాఖ, ఈ మూడే మన ముందున్నవి. వార్నిష్‌కీ చిన్న సిమెంటు పనికీ దగ్గరి క్లినిక్ చాలు, దూరాభారం అనవసరం. పన్ను తీయించాలి, ఐఎన్‌ఆర్ చూడాలి అంటే నేను శ్రీకాకుళం దగ్గర చాపురంలో ఉన్న డెంటల్ కాలేజీ లాంటి చోటికే మొగ్గుతాను. విజయనగరం వాళ్ళకి సంగివలసలో ఉన్నది దగ్గర. వేచి ఉండాలి, ఒక పూట పోతుంది, కానీ పెద్ద డాక్టర్లు, నోటి సర్జన్లు ఒకే చోట ఉంటారు, ఖర్చు తక్కువ. లోహపు వాల్వు, గుండె పంపింగ్ బాగా తక్కువ, సుగర్ అదుపులో లేదు, ఇలా రెండు మూడు కలిస్తే మాత్రం ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ఉన్న చోటికే వెళ్ళండి, శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్ల పైమాటే అయినా సరే. దారిలో గతుకులకి ఛాతీ అదరకుండా చిన్న తలగడ గుండెలకి హత్తుకుని కూర్చోవాలి, మా పెదనాన్న ఆ తలగడ లేకుండా ఆటో కూడా ఎక్కేవారు కాదు.

ఎక్కడికెళ్ళినా పొద్దుటి అపాయింట్‌మెంట్ తీసుకోండి, టిఫిను తిని, మాత్రలన్నీ వేసుకుని వెళ్ళండి. డిశ్చార్జ్ కాగితం, మందుల చీటీ, ఐఎన్‌ఆర్ పుస్తకం పట్టుకెళ్ళండి. కుర్చీ పూర్తిగా వెనక్కి వాల్చొద్దని, లేచేటప్పుడు చేతుల మీద బరువు వెయ్యకుండా పట్టుకోమని ముందే చెప్పండి. మత్తు ఇంజెక్షన్‌లో చాలాసార్లు అడ్రినలిన్ ఉంటుంది, గుండె సంగతి తెలిస్తే వాళ్ళు మోతాదు తగ్గించి ఇస్తారు.

పంటి పని అయి ఇంటికొచ్చాక, వాల్వు ఉన్న మనిషికి తరవాతి వారాల్లో సన్నగా జ్వరం, రాత్రి చెమటలు, నీరసం మొదలైతే 'వైరల్ జ్వరమేలే' అని షాపు నుంచి యాంటీబయాటిక్ తెచ్చి వెయ్యకండి. ముందు ఆసుపత్రిలో బ్లడ్ కల్చర్‌కి రక్తం తీయించండి. మందు ముందే పడిపోతే ఆ పరీక్షలో క్రిమి దొరక్కపోవచ్చు, వాల్వు లోపల పాడవుతున్నా బయటికి తెలియకపోవచ్చు.